ఇనప బీరువాలో నాలుగో తుపాకి

"ఒక తుపాకి ఎక్కువైంది," అన్నాడు లయనెల్ ఫెల్‌గేట్, కుర్చీలో కూర్చోకుండానే.

హెస్టర్ క్రాస్‌లీ చేతిలోని పెన్ను కింద పెట్టింది. కెండల్ పట్టణంలో రొట్టెల దుకాణం పైనున్న ఆమె డిటెక్టివ్ ఆఫీసుకి ఏదో పోయిందని వచ్చేవాళ్లే ఎక్కువ. ఎక్కువైందని మొహం పాలిపోయి వచ్చినవాడు ఇతనొక్కడే.

"పోయిందా, ఎక్కువైందా?" అని అడిగాడు ఆమె సహాయకుడు బర్నబీ కోల్. పోస్ట్‌మాన్‌గా పనిచేసి మానేసిన మనిషి. హెస్టర్ ఏం చెప్పినా అది నిజమై తీరుతుందని అతని నమ్మకం.

"ఎక్కువైందయ్యా. ఉండాల్సినవి మూడు, ఉన్నవి నాలుగు."

హెస్టర్ అతన్ని కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పమంది. లయనెల్ రిటైరైన పశువైద్యుడు. పెద్ద ఇల్లు అమ్మేసి, ఊళ్లో ఒక మేడమీద వాటాలోకి మారాడు. ఆ గోడలు అట్టల్లాంటివి. తుపాకుల బీరువాని వాటికి బిగించే వీల్లేదు. అందుకని థ్రాస్టన్ లోయలో గొర్రెలు పెంచే తన పాత స్నేహితుడు ఆల్విన్ బిర్కెట్ ఇంట్లో, అతని ఇనప బీరువాలోనే తన తుపాకి కూడా పెట్టుకుంటున్నాడు. ఇద్దరికీ షాట్‌గన్ లైసెన్సులున్నాయి గనక పోలీసులు ఒప్పుకున్నారు. తాళంచెవులు మాత్రం వాళ్లిద్దరి దగ్గరే ఉండాలి. మూడో మనిషికి, కట్టుకున్న భార్యకైనా సరే, అవి ఎక్కడుంటాయో తెలియకూడదు.

"శనివారం నా తుపాకి కోసం వెళ్లి తలుపు తీశాను. ఆల్విన్‌వి రెండు, నాదొకటి, పక్కన ఇంకొకటి. రెండు గొట్టాల పాత తుపాకి. ఎప్పుడూ చూసింది కాదు. ఆల్విన్‌ని అడిగితే, 'నన్నడుగుతావేంటి, నువ్వు పెట్టిందే కదా' అన్నాడు. నేను పెట్టలేదు మేడమ్. ఆయన కూడా పెట్టలేదంటాడు. తాళంచెవులు చూస్తే రెండే. ఇద్దరం అబద్ధం ఆడటం లేదంటే మరి ఏమనుకోవాలి? నాకు మతి పోతోంది."

"దాన్ని ముట్టుకున్నారా?"

"వేలిముద్రలు పడతాయని భయపడి తలుపు మూసేశాం. గురువారం ఆల్విన్ లైసెన్సు కొత్తది చేయడానికి పోలీసు ఆఫీసరు వస్తున్నాడు. ఎవరిదో తెలియని తుపాకి మా బీరువాలో కనబడితే మా ఇద్దరి పనీ అంతే. లైసెన్సు సంగతి అటుంచండి. ఆల్విన్ నా ఫోను కూడా ఎత్తడం లేదు."

"ఒక మాట," అంది హెస్టర్. "ఎవరు పెట్టారో తేలినా, తేలకపోయినా, ఆ ఆఫీసరుకి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. దానికి ఒప్పుకుంటేనే వస్తాను."

లయనెల్ టోపీ అంచు నలుపుతూ సరేనన్నాడు.

థ్రాస్టన్ లోయలో రాతిగోడల నీడన వసంతకాలపు మంచు ఇంకా కరగలేదు. వాగుకి ఇటుపక్క మేసే బిర్కెట్ల గొర్రెల వీపు మీద ఎర్రరంగు గీత. అటుపక్కవాటికి ఆకుపచ్చ మచ్చ. పైన కొండ మీద అందరి గొర్రెలూ కలిసే మేస్తాయి కాబట్టి ఏది ఎవరిదో రంగు చూసే చెప్పాలి. ఆకుపచ్చవి మరీ తక్కువగా ఉన్నాయని బర్నబీ అన్నాడు.

"జాస్ డిక్సన్‌వి," అన్నాడు లయనెల్. "మొన్నటి మంచు తుఫానుకి సగానికి పైగా గోడల పక్కనే మంచులో కూరుకుపోయాయి. పాపం, తవ్వి తీసేసరికి ప్రాణాల్లేవు."

ఆల్విన్ వంటింట్లో టీ కాస్తున్నది అతని భార్య డోర్కస్. వచ్చినవాళ్లని పలకరించి అల్లం కేకు ముక్కలు ముందు పెట్టింది. ఆల్విన్ మాత్రం లయనెల్ వైపు చూడను కూడా లేదు.

"డిటెక్టివ్‌ని తెచ్చావా? నా మీదకా?"

"నీ మీదకి కాదు. నిజం తేల్చడానికి."

"నిజం నీ జేబులోనే ఉంది కదా, రెండో తాళంచెవితో పాటు."

హెస్టర్ మధ్యలోకి వచ్చింది. "మీ తాళంచెవి ఎక్కడుంటుందండీ?"

ఆల్విన్ భార్య వైపు తిరిగాడు. "నువ్వొకసారి కోళ్లని చూసిరా." ఆమె బయటికి వెళ్లింది. తలుపు మూసుకున్నాక గానీ అతను లేవలేదు. "ఆవిడకి కూడా తెలియకూడదు. నేను రూలు తప్పే మనిషిని కాను."

పెరటి గుమ్మం దగ్గర కొక్కేలకి కోట్లు వేలాడుతున్నాయి. అన్నిటి వెనకనున్న ముతక కోటు పోయిన తండ్రిదట. దాని లోపలి జేబులోంచి ఆల్విన్ తాళంచెవి తీసి చూపించాడు.

"ఎవరైనా వేసుకుంటారా దీన్ని?"

"నాన్న పోయాక ఎవరూ ముట్టుకోలేదు. ఆ జేబుకో చిల్లుంది. ఒకసారి చెవి అస్తరులోకి జారిపోయి, దాన్ని బయటికి లాగేసరికి నా ప్రాణం పోయింది."

హెస్టర్ ఆ జేబుని బయటికి తిప్పి, వెలుతురులో పట్టుకుని చూసింది. బర్నబీ కూడా చూశాడు. గోధుమరంగు గుడ్డ, ఒక మూల బూడిదరంగు దారంతో దగ్గరదగ్గరగా వేసిన కుట్లు. అతనికి అందులో విశేషమేమీ కనిపించలేదు.

మెట్ల కింద గదిలో బీరువా తెరిచారు. నాలుగు తుపాకులు నిటారుగా నిలబడి ఉన్నాయి. హెస్టర్ అడిగిందని లయనెల్ కొత్తదాన్ని జాగ్రత్తగా బయటికి తీసి, గొట్టాలు గోడవైపు ఉంచి, మీట నొక్కి దాన్ని మధ్యలో విప్పాడు.

రెండు గొట్టాల్లోనూ తూటాలున్నాయి.

"తూటాలతోనా," అన్నాడు ఆల్విన్ నెమ్మదిగా. "తూటాలతో బీరువాలో పెట్టావా నువ్వు?"

"నేనా? నేను పుట్టి బుద్ధెరిగాక అలాంటి పని చేశానా?"

లయనెల్ తూటాలు ఊడదీసి విడిగా పెట్టాడు. హెస్టర్ వంగి తుపాకి చెక్కపిడి చూసింది. దాని అడుగున వేలెడంత ఆకుపచ్చ మరక, ఆరిపోయి పెళుసుబారింది.

"మీలో ఎవరూ అబద్ధం ఆడటం లేదనుకుంటా," అంది. ఇద్దరూ ఆమెవైపు చూశారు గానీ ఆమె ఇంకేమీ చెప్పలేదు.

కారులో బర్నబీ తల గోక్కున్నాడు. "ఇద్దరూ నిజమే చెబుతున్నారంటే, బీరువా దానంతటదే తెరుచుకుందా మేడమ్?"

"తెరిచిన చెయ్యి ఒకటుంది. దానికి తుపాకి గురించి ఏమీ తెలియదు. పద, వాగు దాటుదాం."

జాస్ డిక్సన్ పెరట్లో ఎదురొచ్చాడు. ముప్పై దాటి ఉండవు గానీ నడక ముసలివాడిది. ప్యాంటు మోకాళ్లదాకా తడిసి ఉంది. అతని భార్య ఊనా గుమ్మంలో నిలబడి చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంటోంది.

"మీకో షాట్‌గన్ ఉందటగా. ఒకసారి చూడొచ్చా?"

"అది రిపేరుకి ఇచ్చాను," అన్నాడు జాస్.

"మా అన్నయ్య తీసుకెళ్లాడు," అంది ఊనా అదే క్షణంలో.

జాస్ భార్యకేసి అయోమయంగా చూశాడు, ఆమె అలా ఎందుకందో అర్థంకానట్టు. ఆమె నేలవైపు చూస్తోంది.

"ఫరవాలేదు," అంది హెస్టర్ మెత్తగా. "రేపు పొద్దున్న బిర్కెట్లింటికి టీకి రండి. ఇద్దరూ కలిసే రండి. ఈ రాత్రికి ఆయన్ని ఒంటరిగా వదలకమ్మా."

ఊనా గబుక్కున తలెత్తి, అలాగేనన్నట్టు తల ఊపింది.

మర్నాడు బిర్కెట్ల వంటింటి బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. ఒక కొసన ఆల్విన్, ఇంకో కొసన లయనెల్, మధ్యలో జాస్, ఊనా. డోర్కస్ మాత్రం పొయ్యి దగ్గరే నిలబడింది.

"మీరూ కూర్చోండి డోర్కస్ గారూ," అంది హెస్టర్. ఆమె కూర్చున్నాక మొదలుపెట్టింది.

"నేనొచ్చేసరికి ఈ ఇంట్లో ఇద్దరు స్నేహితులు ఒకరినొకరు దొంగని చేసుకుంటున్నారు. తాళంచెవులు రెండే కదా, అందుకని. కానీ ఆ తుపాకిలో తూటాలున్నాయి. తుపాకి పట్టడం వచ్చినవాడు దాన్ని లోపల పెట్టేముందు విప్పి చూస్తాడు. అది చెయ్యి చేసే పని, బుర్రతో పనిలేదు. కాబట్టి దాన్ని పెట్టిన మనిషికి విప్పడం కూడా రాదు. అంటే ఆల్విన్ గారూ కాదు, లయనెల్ గారూ కాదు. మరి బీరువా ఎలా తెరుచుకుంది? లయనెల్ గారి తాళంచెవి ఆయన ఒంటిమీదే ఉంటుంది. ఇక మిగిలింది కోటులోది."

"అది ఎవరికీ తెలియదు," అన్నాడు ఆల్విన్.

"జేబుకి చిల్లుందన్నారు. ఇప్పుడు లేదు. ఎవరో కుట్టేశారు. మీరు చూసుకోను కూడా లేదు."

ఆల్విన్ మెల్లగా భార్యవైపు తిరిగాడు.

"నువ్వు అస్తరంతా తడుముకుంటూ తిట్టుకుంటుంటే విన్నాను," అంది డోర్కస్. "చిల్లు పడ్డ జేబుని చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. అప్పట్నించీ నాకు తెలుసు. చెబితే నీ లైసెన్సుకే ముప్పని చెప్పలేదు."

"అయితే ఆ తుపాకి..."

"ఎవరిదో ఆవిడ చెప్పరు, మాటిచ్చారు కనక," అంది హెస్టర్. "చెక్కపిడి మీద ఆకుపచ్చ రంగుంది. ఈ లోయలో ఆకుపచ్చ మచ్చ వేసేది ఒక్క ఇంటివాళ్లే. నిన్న వాళ్లని అడిగితే తుపాకి ఎక్కడుందో ఒక నోట ఒకటి, ఇంకో నోట ఇంకొకటి వచ్చాయి. కలిసి దాచినవాళ్లయితే ఒకే అబద్ధం చెబుతారు. అంటే దాన్ని తీసింది ఒకరు, పోగొట్టుకున్నానని అనుకుంటున్నది ఇంకొకరు. ఊనా, ఇక మీరే చెప్పండి. ఇక్కడ మిమ్మల్ని తప్పుపట్టేవాళ్లు లేరు."

ఊనా టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది.

"పొద్దున్నే కొట్టంలోకి వెళ్లాను. ఈయన గడ్డిమోపు మీద కూర్చుని ఉన్నాడు, తుపాకి ఒళ్లో పెట్టుకుని. నేను పిలిచినా వినపడలేదు. టిఫిను చల్లారిపోతోంది రమ్మన్నాను. ఇంకేమనాలో తోచలేదు. చాలాసేపటికి లేచి, దాన్ని గోడకి ఆనించి, నిద్రలో నడిచినట్టు లోపలికెళ్లాడు. నేను దాన్ని దుప్పట్లో చుట్టి కారులో వేసుకుని డోర్కస్ గారి దగ్గరికొచ్చాను. పోలీసులకి చెబితే ఈయన్ని ఎక్కడికో తీసుకుపోతారని భయమేసింది."

"తుపాకిని పెట్టడానికి అంతకన్నా భద్రమైన చోటు నాకు తెలియదు," అంది డోర్కస్. "తరవాత ఏమవుతుందో ఆలోచించలేదు. మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే రోజూ చెప్పేద్దామనుకున్నా. చెబితే ఈ పిల్ల సంగతి బయటపడుతుంది. ఎటూ తోచక ఊరుకున్నాను."

జాస్ అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు.

"నేనే పారేశాననుకున్నా," అన్నాడు. "ఆ పొద్దున్న ఏం జరిగిందో నాకు గుర్తులేదు. చూస్తే తుపాకి లేదు. వాగులో పడేశానేమోనని రోజూ దిగి వెతుకుతున్నా. పోలీసులకి ఏమని చెప్పను, నాకే తెలియకపోతే? గొర్రెలు పోయాయి, ఇప్పుడు మతి కూడా పోయిందనుకున్నాను."

"నీ మతి బాగానే ఉంది," అన్నాడు లయనెల్. "చావు చూసి చూసి అలసిపోయావు. దానికి డాక్టర్లున్నారు. నేను గొర్రెల డాక్టర్నే అయినా ఆమాత్రం చెప్పగలను."

హెస్టర్ గురువారం జరగబోయేది దాచకుండా చెప్పింది. ఆఫీసరుకి అంతా చెబుతారు. ఆయన నాలుగు తుపాకులూ తీసుకెళ్తాడు. తాళంచెవి సంగతి మీద ఆల్విన్ లైసెన్సు పోవచ్చు, కొన్నాళ్లకి తిరిగి రావచ్చు. జాస్ తనది తనంతట తానే అప్పజెబితే మంచిది.

"పోతే పోనీ," అన్నాడు ఆల్విన్. లయనెల్ వైపు చూడకుండానే కేకు పళ్లెం అతనివైపు తోశాడు. "తిను. నిన్ను అన్న మాటలు అన్నీ వెనక్కి తీసుకున్నాననుకో."

"నేను కూడా నిన్ను తక్కువేం అనలేదులే."

వాళ్లిద్దరూ తింటుంటే జాస్ భార్యవైపు తిరిగాడు.

"నేను వాగులో దిగి వెతుకుతుంటే రోజూ గట్టు మీద నిలబడి చూశావు. తుపాకి ఇక్కడుందని ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అదెక్కడుందో నీకు తెలిసిపోయేది," అంది ఊనా.

అతను తల వంచుకున్నాడు. ఆమె బల్ల కింద అతని చెయ్యి వెతికి పట్టుకుంది. బర్నబీ కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు, కళ్లు తుడుచుకుంటే అందరికీ తెలిసిపోతుందని.

"డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే..." అన్నాడు జాస్ చివరికి. "నాకు బండి నడపాలని లేదు."

"నేను తీసుకెళ్తా," అంటూ లేచాడు ఆల్విన్.

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే. ఊనా, నువ్వు ముందు కూర్చోమ్మా, దారి ఎగుడుదిగుడు, వెనక కుదుపులెక్కువ."