కంచాలు మారిన పూట

ఆ ఇంట్లో తెల్లవారిందంటే ముందు వినిపించేది పెరట్లో పిల్లలు తాళ్ళు గెంతే చప్పుడు. మొన్నమొన్నటిదాకా రెండు తాళ్ళూ ఒకేసారి నేలను తాకేవి. పొయ్యి దగ్గరున్న పెద్దకోడలికి ఒక్కటే తాడు మోగుతున్నట్టుండేది. కొద్దిరోజులుగా ఆ వరస తప్పింది. పెద్దపిల్ల తూర్పు మూలన, పిడుగు పడమటి మూలన. రెండు తాళ్ళూ పోట్లాడుకుంటున్నట్టు టపటపమని ఎవరి దారిన అవి మోగుతున్నాయి.

పెద్దపిల్ల ఆమె కూతురు. పిడుగు తోటికోడలి కూతురు. ఆ పిల్లకి అసలు పేరొకటుందని బళ్ళో హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తుండదు. పెద్దదానికి ఇది బడిలో ఆఖరి ఏడాది, పిడుగు ఒక క్లాసు వెనక. ఒకే మంచం మీద పడుకుని, ఒకే దువ్వెనతో జుట్టు దువ్వుకుని పెరిగిన పిల్లలు. తండ్రులిద్దరూ బస్సు డ్రైవర్లు. చీకటితోనే డిపోకి వెళ్ళిపోతారు కాబట్టి ఇంట్లో ఏం జరిగినా వాళ్ళకి సాయంత్రం వార్తల్లాగే అందుతుంది.

"పెద్దమ్మా, గుడ్లు ఉడికాయా? కడుపులో ఎలుకలు పరిగెడుతున్నాయి!" పిడుగు వచ్చి బల్ల ముందు కూలబడింది.

"పరిగెత్తనీ. వాటికీ వ్యాయామం కావద్దూ?" అంటూ పెద్దకోడలు గుడ్లు ముందు పెట్టింది.

"ఒక్క ఉప్పు రవ్వ వెయ్యి పెద్దమ్మా, నీకు పుణ్యముంటుంది. ఈ చప్పిడి తిండికి నాలుక చచ్చిపోయింది."

"మీ డ్రిల్లు మాస్టారినడుగు."

ఆ వారమంతా పిల్లల తిండిలో ఉప్పు తగ్గించమన్నది మాస్టారే. ఉప్పు తింటే దాహమవుతుంది, తాగిన నీళ్ళు ఒంట్లోనే నిలుస్తాయి, తూకం నాడు ముల్లు పైకి పోతుంది అని తల్లులందరినీ కూర్చోబెట్టి మరీ చెప్పాడు. పస్తులుండి బరువు తగ్గితే మాత్రం జట్టులోంచి తీసేస్తానన్నాడు.

పెద్దపిల్ల వచ్చి బల్లకి ఆ చివర కూర్చుంది. గోడవైపు చూస్తూ తినసాగింది. మందుల షాపుకి వెళ్ళే తొందరలో జడ వేసుకుంటూ వచ్చిన చిన్నకోడలు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఏమ్మా, పలకరించుకుంటే కూడా బరువు పెరుగుతారా?"

పిడుగు మరో గుడ్డు అందుకుంది.

అసలు గొడవంతా బరువుతోనే వచ్చింది. ఆ ఊళ్ళో సినిమా హాలు లేదు గానీ బడికి కుస్తీ జట్టుంది. మంగలి నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరికీ ఆ జట్టంటే ప్రాణం. జట్టులో ఒక్కో బరువుకి ఒక్కరికే చోటు. నిరుటిదాకా అక్కాచెల్లెళ్ళు వేరువేరు బరువుల్లో ఉండేవారు. ఈ ఏడు పిడుగు ఎదిగి, ఒళ్ళు చేసి, సరిగ్గా అక్క బరువులోకి వచ్చిపడింది. రేపు పొద్దున్న తూకం. ముల్లు గీత దాటినవాళ్ళకి పోటీ లేదు, దాటకపోతే వెంటనే ఇద్దరి మధ్య పోటీ. గెలిచినవాళ్ళు జిల్లా పోటీలకు వెళతారు. పెద్ద ఊళ్ళో ఉన్న క్రీడల హాస్టలు వాళ్ళు పిల్లల్ని ఎంచుకునేది అక్కడే. పెద్దదానికి వచ్చే ఏడు వయసు దాటిపోతుంది.

"ఎవరు గెలిచినా మనింటికే కదక్కా," అంది చిన్నకోడలు చెప్పులు వేసుకుంటూ.

ఆ మాట పెద్దకోడలికి చురుక్కుమంది. గెలిచే పిల్ల తల్లికి అలాగే ఉంటుంది మరి. ప్రాక్టీసులో పిడుగు అక్కని ఎత్తి కుదేస్తోందని రొట్టెల కొట్టతను నవ్వుతూ చెప్పాడు. ఆమె కళ్ళతో చూడలేదు. కన్నకూతుర్ని ఎవరో నేలకేసి కొడుతుంటే చూసే గుండె తనకు లేదని ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ బడి హాలు గడప తొక్కలేదు. పెద్దదానికి చదువు అంతంతమాత్రం. ఆ హాస్టల్లో చోటొక్కటే దానికున్న దారి. పిడుగుకైతే ఇంకో ఏడాది ఉంది. ఆ రోజంతా ఇల్లు తుడుస్తున్నా, బట్టలు ఆరేస్తున్నా ఆమె మనసు అక్కడక్కడే గిరికీలు కొట్టింది. దీనికి లేదు, దానికి ఉంది. దానికి ఉంది, దీనికి లేదు.

సాయంత్రం, మగవాళ్ళింకా డిపో నుంచి రాకముందే, నలుగురూ భోజనానికి కూర్చునే వేళ ఆమె వంటింట్లో ఒంటరిగా నిలబడి రెండు కంచాల్లో వడ్డించింది. పచ్చ అంచుది పెద్దపిల్లకి, నీలం అంచుది పిడుగుకి. వెనక్కి ఒకసారి చూసుకుంది. ఉప్పుడబ్బాలోంచి చెంచాతో తీసి నీలం అంచు కంచంలోని కూరలో కలిపేసింది. వారం రోజులుగా చప్పిడి తిన్న పిల్ల, ఎగిరి గంతేసి తింటుంది. కడివెడు నీళ్ళు తాగుతుంది. రేపు తూకంలో ఓ పిసరు ఎక్కువ తూగుతుంది. అంతేగా. ఎవరికీ ఏ హానీ లేదు. తనకి తాను అలా చెప్పుకుంటూనే చెంచాని గబగబా కడిగేసింది.

కంచాలు పెట్టి, నీళ్ళ జగ్గు కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఆమె కాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయాయి.

నీలం అంచు కంచం పెద్దపిల్ల ముందుంది.

చిన్నప్పుడు ఎవరికెక్కువ పడిందని రోజూ కొట్టుకుని, చివరికి వడ్డించిన కంచాలు మార్చుకుని తినడం అలవాటు చేసుకున్నారిద్దరూ. మాటలు మానేసిన నాటి నుంచి అదీ మానేశారు. ఇవాళ పిడుగు తన కంచాన్ని అక్క ముందుకి తోసింది.

"రేపటిదాకా ఎందుకులే అక్కా ఈ కోపాలు. రేపు మ్యాట్ మీద చూసుకుందాం," అంటోంది నవ్వుతూ.

పెద్దపిల్ల కూడా నవ్వింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. నెమ్మదిగా తలెత్తి తల్లిని చూసింది.

"ఏయ్... ఆ కంచం..." పెద్దకోడలు ఒక అడుగు ముందుకి వేసింది.

"ఏమ్మా?" పెద్దపిల్ల ప్రశాంతంగా అడిగింది.

పక్కనే తోటికోడలు. ఎదురుగా పిడుగు. ఏమని చెబుతుంది?

"చల్లారిందేమో, వేరేది పెడతాను."

"అక్కర్లేదమ్మా. బాగానే ఉంది."

ఒక్కొక్క ముద్దే తింది. ఒక్క మెతుకు మిగల్చలేదు. తిన్నంతసేపూ పెద్దకోడలు జగ్గు పట్టుకుని నిలబడే ఉంది. పిల్ల గ్లాసు మీద గ్లాసు నీళ్ళు తాగుతుంటే, పోస్తున్నది తనే.

మర్నాడు బడి హాల్లో ఇసక వేస్తే రాలనంత జనం. పిడుగు తూకం మిషను ఎక్కింది. ముల్లు గీతకి ఇవతలే ఆగింది. పెద్దపిల్ల ఎక్కింది. ముల్లు ఊగి, ఊగి, గీత దాటి నిలబడింది.

మాస్టారు కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మొన్నటిదాకా సరిగ్గానే ఉన్నావు కదమ్మా! సరే, గంట కొట్టేదాకా టైముంది. గ్రౌండులో మెల్లగా పరిగెత్తిరా. ఆ తర్వాత నేనేం చెయ్యలేను."

వరండాలో చిన్నకోడలు పెద్దపిల్ల చెయ్యి పట్టుకుని నిలేసింది. "ఏం తిన్నావే? ఏళ్ళ కష్టం నోటికి బలి పెడతావా? దొంగచాటుగా ఏమన్నా తిన్నావా?"

"తిన్నాను పిన్నీ," అంది పెద్దపిల్ల తల దించుకుని. చెయ్యి విడిపించుకుని ఎండలోకి పరిగెత్తింది.

పెద్దకోడలు ఇక ఉండలేకపోయింది. "దాన్నేమనకు. అది దొంగ కాదు. నేనే."

"నువ్వేంటి అక్కా?"

"రాత్రి కూరలో ఉప్పు కలిపాను. పిడుగు కంచంలో. పిల్లలు కంచాలు మార్చుకున్నారు."

చిన్నకోడలికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అరవలేదు. అరిచినా బాగుండేదని పెద్దకోడలికి అనిపించింది.

"నా కూతురి కంచంలోనా?"

"పెద్దదానికి ఇదే ఆఖరు కదాని... నా బుద్ధి గడ్డి తింది..."

"ఆఖరని నన్నడగొచ్చుగా! నీ పిల్లని ఈ ఏడాదికి ఆపవే అని నా మొహం మీద అడగాల్సింది. తిట్టుకునేవాళ్ళం, కొట్టుకునేవాళ్ళం, ఏదో ఒకటి తేలేది. పొద్దున్న పోతే సాయంత్రం వస్తాను నేను. నా పిల్ల తిందా లేదా అని ఏనాడైనా నిన్నడిగానా? ఎందుకడగలేదో తెలుసా నీకు?" జవాబు కోసం ఆగకుండా మొహం తిప్పేసుకుంది.

గుమ్మంలో పిడుగు నిలబడి ఉంది. అంతా విన్నదని దాని మొహమే చెబుతోంది. పెద్దమ్మ వైపు చూడకుండా వాళ్ళిద్దరి మధ్యలోంచి దూసుకుపోయింది. గ్రౌండులో అక్క పక్కన చేరి పరిగెత్తసాగింది.

"ఏయ్, నువ్వెందుకే? పోటీ ముందు అలిసిపోతావు!" అని తల్లి కేకేసింది.

"అది నా కంచం అమ్మా!" అని అరిచింది పిడుగు, ఆగకుండానే.

మాస్టారు విజిలేసి దాన్ని బలవంతంగా బయటికి లాక్కొచ్చాడు. పెద్దపిల్ల ఒక్కతే తిరిగింది. గంట కొట్టేలోపు మళ్ళీ మిషను ఎక్కింది. ముల్లు ఈసారి సరిగ్గా గీత మీద నిలబడింది. ఆ పిల్ల మాత్రం నిలబడలేక గోడ పట్టుకుంది.

ఊపిరి తిప్పుకోనిచ్చి మాస్టారు ఇద్దరినీ మ్యాట్ ఎక్కించాడు. పెద్దకోడలు కళ్ళు మూసుకోలేదు. చూడకుండా తప్పించుకునే హక్కు ఇవాళ తనకి లేదనిపించింది. మొదటిసారిగా కూతురి కుస్తీ చూసింది.

అక్కడున్నది ఇంట్లో పని చెబితే గునుస్తూ లేచే పిల్ల కాదు. పిడుగు పేరుకి తగ్గట్టే మీద పడుతోంది. పెద్దపిల్ల తొణకలేదు. వంగి, ఆగి, చెల్లెలు కాలు ముందుకి వేసిన క్షణం చూసి పట్టేసింది. ఒక పాయింటు. మళ్ళీ పట్టింది. హాలు హోరెత్తిపోయింది. రొట్టెల కొట్టతను నోరు తెరిచాడు. ప్రాక్టీసులో ఓడిన ప్రతిసారీ ఈ పిల్ల చెల్లెలి ఎత్తులన్నీ నేర్చుకుంటూ కూర్చుందని ఆ ఊళ్ళో ఒక్కరికీ తెలియలేదు. కన్నతల్లికీ తెలియలేదు.

చివర్లో పెద్దపిల్ల కాళ్ళు వణకడం మొదలైంది. పిడుగు అక్క నడుము పట్టుకుంది. పెద్దపిల్ల నిలదొక్కుకోబోయింది, మోకాలు మాట వినలేదు. ఇద్దరూ ఒక్కసారిగా కూలారు. పెద్దపిల్ల వీపు మ్యాట్‌కి ఆనింది. విజిలు మోగింది.

గెలిచినందుకు పిడుగు చెయ్యెత్తలేదు. అక్క మెడ పట్టుకుని అలాగే పడుకుని ఏడ్చింది.

బడి వెనక కుళాయిల దగ్గర పెద్దపిల్ల మొహం కడుక్కుంటుంటే తల్లి వెళ్ళి వెనక నిలబడింది.

"మొదటి ముద్దకే తెలిసిందమ్మా," అంది పెద్దపిల్ల వెనక్కి తిరక్కుండా.

"మరి ఎందుకు తిన్నావే? తోసెయ్యకపోయావా?"

"మనింట్లో కంచాల్లో వదిలేసింది పిన్నేగా తినేది. ఒక్క ముద్ద పెట్టుకుంటే ఆవిడకీ తెలిసిపోయేది. అప్పుడు నీ మొహం నేను చూడలేను."

పెద్దకోడలు కుళాయి గట్టు మీద కూలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది. "ఆ ఉప్పే లేకపోతే గెలిచేదానివే తల్లీ..."

"ఏమో. గెలిచేదాన్నేమో, ఓడేదాన్నేమో. ఇక ఎవరికీ తెలీదు." పెద్దపిల్ల కుళాయి కట్టేసి ఇటు తిరిగింది. "ఉప్పు సంగతి కాదమ్మా నా బాధ. నేను గెలవలేనని ఊరంతా అనుకుంది, పోనీ. ఒక్కసారి కూడా చూడకుండానే నువ్వూ అలాగే అనుకున్నావు."

తల్లి ఆ తడిచేతులు అందుకుని తన మొహానికి ఆనించుకుంది. కూతురు లాక్కోలేదు.

ఆ సాయంత్రం పెద్దకోడలు వంట చేసింది గానీ వడ్డించకుండా పొయ్యి దగ్గరే నిలబడిపోయింది. అందరూ కూర్చున్నారు. చివరికి చిన్నకోడలే లేచి వచ్చింది.

"ఏం, ఈరోజు నుంచి నేను వడ్డించాలా? నువ్వు కుర్చీలో కూర్చుంటావా?"

"నా చేత్తో ఎలా పెట్టను చెల్లీ..."

"నీతో ఇంకా నేను మాట్లాడటం లేదు. ఎప్పుడు మాట్లాడతానో కూడా తెలీదు." గరిట తీసి ఆమె చేతిలో పెట్టింది. "వడ్డించు. పిల్లలు ఆకలితో ఉన్నారు."

పెద్దకోడలు ముందు పిడుగు కంచంలో వడ్డించింది. పిడుగు ఒక్క క్షణం కంచం వైపు చూసింది. రుచి చూడలేదు, వాసన చూడలేదు. పెద్ద ముద్ద కలిపి నోట్లో కుక్కుకుని, నిండిన నోటితోనే "ఇంకొంచెం పెద్దమ్మా," అంది. అక్కకీ వడ్డించాక తన కంచాన్ని అక్క ముందుకి తోసి, అక్కది తను లాక్కుంది.

పెద్దపిల్ల ఒక ముద్ద తింది. తల్లి గరిట దించకుండా చూసింది.

"సరిపోయింది," అంది పెద్దపిల్ల. ఇంకో ముద్ద కలుపుతూ, "వచ్చే నెల యువజన సంఘం వాళ్ళ పోటీలున్నాయట. హాస్టలువాళ్ళు రారులే. అయినా పేరిచ్చాను. రేపట్నుంచి నాకూ పిడుగుకీ మళ్ళీ ప్రాక్టీసు. నువ్వూ రామ్మా."

"వస్తాను."

"కళ్ళు మూసుకోకూడదు."

"మూసుకోను," అంది పెద్దకోడలు. అంటుండగానే కళ్ళు నిండిపోయి ఎదుటివాళ్ళెవరూ కనిపించలేదు. కొంగుతో తుడుచుకుని మళ్ళీ చూసింది. పిల్లలిద్దరూ తింటున్నారు.