మూసుకుపోయిన గాలికంత

పన్నెండు గంటలకు ఆటో వచ్చేస్తుంది. నలభై అన్నం క్యారియర్లు ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ పనివాళ్ళ గదులకు చేరాలి. తొమ్మిదిన్నర దాటింది... పొయ్యి ఇంకా అంటుకోలేదు!

శైలజ మోచేత్తో కళ్ళు తుడుచుకుంది. సోమందేపల్లికి గ్యాస్ బండి రాక తొమ్మిది రోజులైంది. వానకు కట్టెలన్నీ నానిపోయాయి. ట్రాక్టర్ మీద నుంచి పడి నడుము విరిగిన భర్త గంగాధర మూడు నెలలుగా మంచం మీదే ఉన్నాడు. ఈ క్యారియర్లే ఇంటికి ఆధారం. నిన్న అన్నం పోలేదు. "రేపూ రాకుంటే గోరంట్లోళ్ళతో మాట్లాడుకుంటాం" అని పనివాళ్ళ మేస్త్రీ ఫోన్లో తేల్చేశాడు.

అందుకే కొట్టంలో తుప్పుపట్టి ఉన్న ఇనుప పొయ్యిని బయటికి ఈడ్చింది. మామగారు ధర్మవరం రైల్వే క్వార్టర్లలో ఉన్నప్పటి రాతిబొగ్గు పొయ్యి అది. దాని గొట్టాన్ని పెంకుల సందులోంచి పైకి పెట్టించి, హిందూపురం నుంచి రెండు బస్తాల బొగ్గు తెప్పించింది. కొత్తగా నిప్పు పెట్టే పొయ్యిని అలకకుండా ముట్టించడానికి ఆమెకు మనసు రాలేదు. ఎర్రమన్ను పూసి, ముగ్గేసి, పసుపు కుంకుమ పెట్టి మొక్కుకుంది. అగ్గిపుల్ల గీసింది... పొగ! ఒట్టి పొగ!

"అత్తా! ఒక్కసారి వచ్చి చూడు! నువ్వు వండిన పొయ్యే గదా!"

వసారాలో బాలనాగమ్మ అటు తిరిగి కూర్చుంది. "దాని జోలికి పోవద్దని నిన్ననే చెప్పినా. నేను రాను. మోకాళ్ళు లెయ్యవు."

"నా కోసరం కాదు, నీ కొడుకు కోసరమన్నా రా!"

పన్నెండేళ్ళు చాకిరీ చేసినా ఈమె మనసు కరగలేదే! శైలజకు ఏడుపు కూడా రాలేదు... అంత అలిసిపోయింది. ఇంతలో వానజల్లు లోపలికి కొట్టింది. ఉన్న కాస్త నిప్పూ ఆరిపోతుందేమోనని తలుపూ కిటికీ మూసేసింది. ఆరేళ్ళ కీర్తన విసనకర్ర పట్టుకుని పక్కన చతికిలబడింది.

"నేను విసురుతాలేమ్మా."

కాసేపటికి ఆ చిన్న చెయ్యి ఆగిపోయింది. "అమ్మా... తల తిరగతాండాది..."

ఆ మాట వసారాలోకి వినిపించింది! దడాలున తలుపు తెరుచుకుంది. మోకాళ్ళు లేవని బాలనాగమ్మ ఉరికొచ్చి మనవరాలిని ఎత్తుకుని వాకిట్లోకి పరుగెత్తింది. వానలోనే నిలబడి పిల్ల ముఖం మీద నీళ్ళు చల్లింది. "కళ్ళు తెరువు తల్లీ! నిద్రపోవద్దే... నిద్రపోవద్దు!"

కీర్తన దగ్గింది. కళ్ళు తెరిచింది. "అవ్వా... నువ్వు ఉరుకుతావా!" అని ఆశ్చర్యపోయింది.

బాలనాగమ్మ పిల్లను గుండెకు హత్తుకుని కూలబడింది. "నేనూ అట్లనే తలుపులు మూసినానమ్మే..." అంది, శైలజ వైపు చూడకుండా. "నీ మొగునికి ముందు నాకొక ఆడపిల్ల పుట్టినాది. ధర్మవరంలో ఇట్లాంటి వానే. బిడ్డకు చలి తగలకూడదని, వేడి బయటికి పోకూడదని, ఈ పొయ్యి గొట్టానికి మూత పెట్టేసి నీళ్ళకు పోయినా. వచ్చేసరికి నిద్రపోతాండాదనుకున్నా..."

అత్తది మొండితనమని శైలజ ఇన్నాళ్ళూ అనుకుంది... అది భయం!

"మీ మామ ఈ పొయ్యిని అమ్మేస్తానన్నాడు. నేనే వద్దన్నా. నా తప్పు నా కండ్ల ముందరే ఉండల్లని..."

"అత్తా, ఈ పొయ్యి వద్దు. క్యారియర్లు పోతే పోనీ! ఇప్పుడే ఆర్పేస్తా."

బాలనాగమ్మ ఇంట్లో మంచం మీదున్న కొడుకు వైపు చూసింది. తర్వాత పిల్లను కొడుకు మంచం దగ్గర దించి, కొంగు నడుముకు చుట్టి, వంటింటి కిటికీ బార్లా తెరిచింది. పొయ్యి ముందు వంగి చూసింది.

"ఏందే ఇది? కింద గాలికంతకు కూడా మన్ను మెత్తినావు?"

"నిప్పులు రాలే పగులనుకున్నా..."

"పగులా? మట్టిపొయ్యి అలికినట్ల అలికినావు! ఊపిరాడక సచ్చినాదది." అట్లకాడతో మన్ను పెకలించింది. "చూడు. ముందు బూడిద దులపల్ల. కంత తెరవల్ల, పైన గొట్టం మూత తీయల్ల. టెంకాయ పీచు, ఎండుపుల్లలు, దాని మీద చిన్న బొగ్గులు నాలుగంటే నాలుగే. ఎర్రబడినాక పెద్దవి. పొగ పోయిందాకా గిన్నె పెట్టగాకు."

బాలనాగమ్మ నాలుగు బొగ్గులు పేర్చింది. శైలజ ఆమె చేతుల పక్కనే తన చేతులు ఉంచింది. బొగ్గు ఎర్రబడింది.

పన్నెండుంబావుకు ఆటో క్యారియర్లతో వెళ్ళిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళూ మసిముఖాలతో గోడకు జారగిలబడ్డారు. రేపు మళ్ళీ ఇదే పని... ఎల్లుండీ ఇదే. శైలజ మెల్లగా అడిగింది.

"అత్తా... ఆ పాప పేరేంది?"

నలభై ఐదేళ్ళుగా ఎవరూ అడగని మాట! బాలనాగమ్మ మసిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"మల్లిక."

లోపల మంచం కిర్రుమంది. "అమ్మా..." గంగాధర పిలిచాడు. "నాకొక అక్క ఉండెనా?"

"ఉండెరా నాయనా... ఉండె!" బాలనాగమ్మ కోడలి భుజం మీద తల ఆనించి, మొదటిసారి బయటికి ఏడ్చింది.