నాలుగో బుట్ట

మొదటి రోజే ఫిజియో తల మీద నీళ్ళు పడ్డాయి.

తలుపు తీసే ఉంది కదా అని అతను లోపలికి అడుగు పెట్టాడు. పైన వేలాడుతున్న బుట్టలోంచి ధార! స్టూలు మీద చెంబుతో నిలబడ్డ చిట్టి కంగారు పడకపోగా కసిరింది.

"బెల్ కొట్టి రావాలని తెలీదా?"

"కొట్టానండీ. మోగలేదు."

"మోగదు. పాడైంది."

"మరి కొట్టి ఏం లాభం?"

లోపలి గదిలోంచి దగ్గులాంటి చప్పుడు వినిపించింది. అది తల్లి నవ్వు. నాన్న పోయాక అమ్మ నవ్వు చిట్టి వినడం అదే మొదటిసారి. అందుకే అతనికి తువ్వాలు తెచ్చి ఇచ్చింది, లేకపోతే ఇచ్చేది కాదు.

అతను వ్యాయామం చేయించడానికి వచ్చింది తల్లికి. ఆవిడ కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి పైకి లేవదు, జడ వేసుకోలేదు. బాధల్లా భుజం ఒక్కటే అయితే చిట్టి ఇంత భయపడేది కాదు. మనిషే బిగుసుకుపోయింది. పిలిస్తే పలుకుతుంది, పెడితే తింటుంది, అంతే.

హాల్లో నాలుగు బుట్టలు, నాలుగింటిలోనూ పీస్ లిల్లీ మొక్కలు. ఎలక్ట్రీషియన్ అయిన నాన్న ఒక్కో బుట్టకీ ఒక కప్పీ బిగించాడు. తాడు విప్పితే బుట్ట కిందికి దిగుతుంది, లాగితే పైకెళుతుంది. తాడు కొసను గోడకున్న కొక్కేనికి ఆయన చుట్టిన తీరే వేరు. ఆ ముడి విప్పడానికి చిట్టికి చేతులు రాలేదు. అందుకే స్టూలెక్కి, అందినంత మేర చెయ్యి చాచి నీళ్ళు పోసేది. కుండీలో మట్టి ఎలా ఉందో కిందినుంచి కనిపించేది కాదు.

చిట్టి పనిచేసే కళ్ళద్దాల షాపు పక్క వీధిలోనే. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేసరికి ఫిజియో వెళ్ళబోతూ ఉండేవాడు. ఆ వెళ్ళబోవడం రోజురోజుకీ సాగుతూ వచ్చింది.

"ఇంకా వెళ్ళలేదా?"

"వాన తగ్గనీండి."

"వాన ఎప్పుడో తగ్గింది."

"అవునా? మీరొచ్చారుగా, చూసుకోలేదు."

చిట్టి తల తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికి ఆమెకు చేతనైన పద్ధతి అదొక్కటే.

ఆ వానల్లోనే మొక్కలు వాలిపోవడం మొదలైంది. దాహమేస్తే పీస్ లిల్లీ మూర్ఛపోయినట్టు వేలాడిపోతుందని, నీళ్ళు పోస్తే సాయంత్రానికల్లా లేచి నిలబడుతుందని నాన్న చెప్పేవాడు. చిట్టి ఇంకో చెంబు పోసింది. లేవలేదు. మరునాడు రెండు పోసింది. ఆకులు పసుపుబారి, కాడలు మెత్తబడి, ఒక బుట్ట పోయింది. తర్వాత రెండోది. మూడోదాన్ని ఆమె స్టూలు మీంచే పెరికి చెత్తబుట్టలో వేస్తున్న రోజున, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అతను అడగనే అడిగేశాడు.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

చిట్టి చేతికంటిన మట్టిని దులుపుకుంది.

"నాన్న వదిలి వెళ్ళింది ఇవే. వీటినే బతికించుకోలేకపోయాను. అమ్మని చూస్తున్నారుగా, ఆవిడా ఇలాగే వాలిపోతోంది. నా చేతిలో ఏదీ నిలవదండీ. మీరు వెళ్ళండి."

అతను వానలోకి వెళ్ళిపోయాడు. గొడుగు ఇక్కడే ఉండిపోయింది. తర్వాత చికిత్సకి ఎన్నిసార్లు వచ్చినా దాన్ని తీసుకెళ్ళలేదు, ఆమె ఇవ్వనూ లేదు.

చికిత్సకు ఆఖరి రోజు వచ్చింది. ఇక అతను రావలసిన పని లేదు. షాపులో కరెంటు పోవడంతో చిట్టి ముందుగానే ఇంటికొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది.

తల్లి నిలబడి ఉంది. కుడి చెయ్యి తల దాటి పైకి లేచి ఉంది. ఆ చేతిలో తాడు. నాలుగో బుట్ట నెమ్మదిగా కిందికి దిగుతోంది. పక్కనే ఫిజియో, చేతిలో నీళ్ళ సీసా. బల్ల మీద మరో గ్లాసు నీళ్ళు.

"అమ్మా! ఆ ముడి ఎవరు విప్పారు?"

తల్లి ఉలిక్కిపడింది. "నేనేనే. రోజూ నేనే. భుజానికి కప్పీ లాగడమే మందని ఈ బాబు చెప్పాడు. ఆయన ముడి విప్పానంటే నువ్వు ఏడుస్తావని చెప్పలేదు."

"రోజూనా? మరి ముడి..."

"ఆయన వేసినట్టే వేస్తాను. నాకు నేర్పింది ఆయనేగా."

"ఆ గ్లాసు?"

"దింపాక వాలిపోయి కనిపిస్తే, నోరు లేనిది కదా అని ఓ గ్లాసు పోస్తున్నా."

చిట్టి అతని వైపు తిరిగింది. "మీరు కూడానా?"

"ఆవిడ మంచినీళ్ళకి లోపలికెళ్ళినప్పుడు కొంచెం..." అతను నేల చూపులు చూశాడు. "ఇదొక్కటీ బతికితే మీ మాట మారుతుందేమోనని."

"పొద్దున నేను చెంబుడు పోసి వెళ్తున్నాను!"

చిట్టి నేల మీద కూర్చుని కుండీని బోర్లించింది. కుళ్ళు వాసన గుప్పుమంది. అడుగు పళ్ళెంలో నల్లటి నీళ్ళు, వేళ్ళు చేతికి ఊడి వస్తున్నాయి.

"మీ నాన్న దింపి, మట్టిలో వేలు పెట్టి చూసి గానీ పోసేవారు కాదు," అంది తల్లి, నేల మీద కూలబడి. "నా చేత్తో నేనే చంపుకున్నాను."

"ముగ్గురం చంపామమ్మా."

చిట్టికి ఏడుపే వచ్చింది, నవ్వు రాలేదు. తల్లి కుడి చెయ్యి చాచి కూతురి తల నిమిరింది. ఆ చెయ్యి తన తల మీదికి వచ్చి ఎన్నాళ్ళయిందో!

కుళ్ళినవన్నీ కత్తిరించాక నాలుగైదు తెల్లటి వేళ్ళు మిగిలాయి. పొడి మట్టిలో మొక్కను నిలబెట్టారు. నిలబడలేదు, పక్కకి ఒరిగింది. తల్లి బుట్టను పైకి లాగి, తాడు కొస అతని చేతికిచ్చి ముడి ఎలా వెయ్యాలో చూపించింది. అతనికి మూడోసారికి గానీ రాలేదు.

"బతుకుతుందంటారా?" అడిగింది చిట్టి.

"ఏమోనండీ. నాకు భుజాల గురించే తెలుసు."

అతను సంచీ భుజానికి తగిలించుకున్నాడు. చిట్టి గొడుగు తెచ్చింది. అతను చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఇది ఇక్కడే ఉండనీండి. రేపు మళ్ళీ రండి."

"చికిత్స అయిపోయిందిగా. నీళ్ళు పొయ్యడానికా?"

"కాదు. పొయ్యకుండా మమ్మల్ని ఆపడానికి. మాకు ఒకళ్ళు కావాలి."

అతను ఆమెనే చూస్తూ ఉండిపోయాడు. ఈసారి చిట్టి తల తిప్పుకోలేదు.

"బెల్ కొట్టి రానా?"

నాన్న బిగించిన ఆ బెల్‌ని, ఆయన పోయాక ఎవరినీ ముట్టుకోనివ్వలేదు ఆమె.

"కొట్టండి," అంది. "బాగు చేయించి ఉంచుతాను."