వెనక వరసలో మనిషి

ఫోటో స్టూడియో గాజు తలుపు అంత విసురుగా తెరుచుకోవడం చాలా రోజుల తర్వాత అదే మొదటిసారి. లోపలికొచ్చిన అమ్మాయి తడిసిన గొడుగును మూలకి ఆనించి, సంచిలోంచి పెద్ద ఫోటో ఒకటి తీసి కౌంటర్ మీద పరిచింది. గొడుగు నీళ్ళు తన చొక్కా మీద చిమ్మినా కౌంటర్ వెనకున్న కుర్రాడు ఫోటో వైపే చూశాడు. ఆ ఫోటో తీసింది అతనే.

"ఇందులో మా చిన్నాన్న ఎక్కడున్నాడో చూపించండి," అందామె.

అది ఆమె అక్క పెళ్ళిలో తీసిన కుటుంబం ఫోటో. ముందు వరసలో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, అమ్మ, నాయనమ్మ, వాళ్ళ మధ్య ఒక ఖాళీ కుర్చీ. పెళ్ళికూతురి కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు. వెనక్కి వెళ్ళేకొద్దీ మనుషులు మసకబడిపోయి, చిట్టచివర తలుపు పక్కన గోధుమరంగు మరక ఒకటి మిగిలింది. అతను దాని మీద వేలు పెట్టి, ఇదే అనుకుంటానండీ అన్నాడు. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు.

"నాన్న పోయాక మమ్మల్ని పెంచిన మనిషండీ ఆయన. ఆయన్ని తుడిచేశారు. కుర్చీ మాత్రం అద్దంలా వచ్చింది."

అతనికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొత్తగా కొనుక్కున్న లెన్స్ అంటే అతనికి ప్రాణం. దాని ఎపర్చర్‌ని, అంటే వెలుతురు దూరే కన్నాన్ని, పూర్తిగా తెరిచి పెడితే ముఖం ఒక్కటే మిలమిలా మెరిసి వెనకున్న లోకమంతా వెన్నలా కరిగిపోతుంది. ఆ కరగడం చూసి మురిసిపోయి, ఒక్క మనిషిని తీసినా ఊరందరినీ తీసినా అలాగే తీసేవాడు. స్టూడియో నడిపే మేనమామ గ్రూపు ఫోటోకి కన్నం చిన్నది చెయ్యరా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వీడు పెడచెవిన పెట్టాడు. ఇప్పుడు లోపలి గదిలోంచి ఆ మేనమామే తొంగిచూసి, మా మసక మహారాజు మళ్ళీ ఏం చేశాడమ్మా అని అడిగాడు.

అమ్మాయికి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. విషయం చెప్పింది. అక్కకీ బావకీ నడిసముద్రంలో ఒక దీవి మీద వాతావరణ కేంద్రంలో ఉద్యోగాలు వచ్చాయి. ఆదివారం సాయంత్రం పడవెక్కితే మళ్ళీ ఎన్నేళ్ళకో. అక్క తనతో తీసుకెళ్ళేది ఈ ఒక్క ఫోటోనే. ఇందులో చిన్నాన్న లేడని నిన్న రాత్రి పెట్టె సర్దుతూ ఏడ్చింది.

ఆదివారం పొద్దున మళ్ళీ తీస్తానని అతను మాటిచ్చేశాడు. ఈసారి ఆయన్ని ముందు కూర్చోబెడదాం అన్నాడు.

"ఆయన ముందుకి రాడు. ఆ సంగతి వదిలెయ్యండి. ఆయన నిలబడ్డ చోటే కనబడాలి. కుర్చీ కూడా కనబడాలి."

ఆమె వెళ్ళాక అతను మేనమామ కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆదివారం తనకి వేరే పని ఉందని, లేకపోయినా రానని, చెడగొట్టినవాడే బాగుచెయ్యాలని ఆయన తేల్చేశాడు.

తర్వాత రెండు రోజులూ అతని అవస్థ చెప్పనలవి కాదు. కన్నం చిన్నది చేస్తే ఫోటో నల్లగా వస్తోంది. ఫ్లాష్ వేస్తే ముందున్నవాటికి సున్నం కొట్టినట్టై, వెనక చీకటి మిగులుతోంది. కెమెరాలో వెలుతురు పెంచే మీట తిప్పితే ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తోంది. చివరికి ఓటమి ఒప్పుకుందామని ఆమె పనిచేసే చోటికి వెళ్ళాడు. అది కళ్ళ ఆసుపత్రి. చూపు పరీక్షించేది ఆమే.

అతను తెచ్చుకున్న మాటలన్నీ విని, ఆమె పరీక్ష కుర్చీ చూపించింది.

"కళ్ళజోడు తీయండి."

"నేను పరీక్షకి రాలేదండీ."

"తీయమన్నాను."

తీశాడు. ఎదుటి గోడ మీద అక్షరాల బోర్డు చీమల గుంపైపోయింది. ఆమె అతని ఒక కన్ను మూయించి, రెండో కంటి ముందు గరిటెలాంటి నల్లటి బిళ్ళ పట్టుకుంది. దాని మధ్యలో సూదితో పొడిచినంత కన్నం.

చీమలు చెదిరిపోయి అక్షరాలు లేచి నిలబడ్డాయి. అతను ఉలిక్కిపడ్డాడు. బిళ్ళ తీసి చూశాడు, పెట్టి చూశాడు, మళ్ళీ తీశాడు. ఇందులో ఏ పవర్ అద్దం ఉందని అడిగాడు.

"అద్దమే లేదు. కన్నం, అంతే."

అతని ఒళ్ళు గగుర్పొడిచింది. బిళ్ళని అలాగే పట్టుకుని తల తిప్పాడు. చేతికందే దూరంలో బల్ల మీది పెన్ను, కిటికీ మీద వాన చుక్కలు, ఆవలి వీధిలో ఎవరిదో సైకిలు బెల్లు, అన్నీ ఒక్కసారే, దేని చోట అది, తేటగా ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ అద్దాల్లేకుండా గోడ మీద గడియారం చూడలేనివాడతను. కొంచెం లోకం కాదు, దగ్గరదీ దూరందీ మొత్తం లోకం, ఇంత చిన్న కన్నంలోంచి లోపలికి రావడం ఏమిటి? అతనికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. తల ఇంకొంచెం తిప్పితే ఆమె ముఖం కనిపించింది. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది.

"బోర్డు అటువైపుంది," అందామె.

అతను బిళ్ళ దించేశాడు. ఆమె దాన్ని అందుకుంటూ, పెద్ద దారిలో వెలుతురు నలువైపుల నుంచీ తోసుకొచ్చి చెదిరిపోతుందనీ, సన్నటి దారిలో అయితే చెదరడానికి చోటుండదనీ వివరించింది. కాకపోతే వచ్చేది కొంచెమే కాబట్టి కాసేపు ఓపిగ్గా చూడాలంది.

కాసేపు! అతను ఆ మాట పట్టుకున్నాడు. కెమెరా కూడా కాసేపు చూడాలి. కన్నం చిన్నది చేసి, షట్టర్‌ని రెప్పపాటు కాక రెండు క్షణాలు తెరిచి ఉంచాలి. స్టాండు మీద పెట్టి, ఎదుటివాళ్ళు కదలకుండా ఉంటే చాలు. మేనమామ ఎన్నోసార్లు మొత్తుకున్నదీ ఇదే. చెవికెక్కనిది కంటికెక్కింది.

ఆ సాయంత్రం రోగులు వెళ్ళిపోయాక ఇద్దరూ పొడవాటి కౌంటర్ మీద కళ్ళజోళ్ళ ఫ్రేములు వరసగా నిలబెట్టారు. అతను కన్నం తగ్గిస్తూ ఒక్కొక్క ఫోటో తీశాడు. మొదట ఒకే ఫ్రేము తేటగా వచ్చింది. తర్వాత దాని ముందూ వెనకా ఉన్నవి తేలాయి. తగ్గించేకొద్దీ ఆ తేటదనం నీళ్ళు పాకినట్టు రెండువైపులా పాకింది. ముందుకంటే వెనక్కి ఎక్కువ పాకుతోందని కనిపెట్టింది ఆమే. అయితే గురి మధ్యలో కాదు, మధ్యకి కాస్త ఇవతల పెట్టాలన్నమాట అని అతను గంతేసినంత పని చేశాడు. చివరి ఫోటోలో చిట్టచివరి ఫ్రేముకున్న మర కూడా కనిపించింది. ఇద్దరి తలలూ ఆ చిన్న తెర మీద ఆనుకుని ఉన్నాయని ఇద్దరికీ ఒకేసారి తెలిసి, ఇద్దరూ ఒకేసారి వెనక్కి జరిగారు.

ఫ్రేములు తీసి సర్దుతూ ఆమె కుర్చీ సంగతి చెప్పింది. అది నాన్నది. ఇంట్లో ఏ ఫోటో తీసినా ముందు వరసలో ఆయన కుర్చీ వేస్తారు. చిన్నాన్న లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. పొడుగ్గా ఉంటానని సాకు చెప్పి ప్రతి ఫోటోలోనూ తలుపు దగ్గరికే పోతాడు. నిజం ఒక్కసారే చెప్పాడట. అన్న చోట కూర్చుంటే అన్న లేడని ఒప్పుకున్నట్టు అవుతుందని. పెళ్ళి రోజు ఆ కుర్చీ అడ్డంగా ఉందని తీసెయ్యబోయినవాడు తనేనని గుర్తొచ్చి, అతనికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

"ఆ రోజు మిమ్మల్ని కొట్టేదాన్నే," అని ఆమె నవ్వింది. "ఇప్పుడు పర్లేదులెండి, మసకగారూ."

ఆదివారం తెల్లవారుతూనే కుండపోత వాన పట్టుకుంది. వాళ్ళ హాల్లో పట్టపగలే దీపాలు పెట్టాల్సినంత చీకటి. అతను స్టాండు బిగించి, ముందు కుర్చీ నుంచి తలుపు దాకా అడుగులేసి కొలుచుకుని, గురి కుదుర్చుకున్నాడు. చిన్నాన్న ఎవరూ పిలవకముందే వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె వెళ్ళి ఆయన పక్కన నిలబడింది.

రెండు క్షణాలు ఎవరూ కదలకూడదని, మాట్లాడకూడదని అతను బతిమాలుకున్నాడు. మొదటిసారి నాయనమ్మ, రెండు క్షణాలంటే ఎంత నాయనా అని అడిగింది. రెండోసారి బావకి తుమ్మొచ్చింది. మూడోసారి అయిపోయిందనుకుని నాయనమ్మ మళ్ళీ నోరు తెరిచింది. పడవకి టైమవుతోందని అక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇది కూడా పాడైతే ఇంక తీయడానికి రేపు లేదు.

అప్పుడు తలుపు దగ్గర్నుంచి చిన్నాన్న అన్నాడు. "అన్నయ్యని చూసి నేర్చుకోండర్రా. ఎప్పుడైనా కదిలాడా?"

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని నిటారుగా కూర్చుంది. నాయనమ్మ పెదవులు బిగించింది. అతను కెమెరా పక్కకి జరిగి, కెమెరాకి తగిలించిన తీగ చివరి మీట నొక్కాడు.

గదంతా ఊపిరి బిగబట్టింది. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇందరు మనుషులు, పోయిన మనిషితో సహా, ఒక్కటై అలా నిశ్చలంగా నిలబడడం అతను ఎన్నడూ చూడలేదు. ఇంతకాలం తాను ఒక్క ముఖాన్నే అందం అనుకున్నాడు. మిగిలిన లోకాన్నంతా చెరిపేస్తూ వచ్చాడు. గుండె నిండిపోయి, షట్టర్ మూసుకున్న చప్పుడు కూడా అతనికి వినబడలేదు.

కెమెరాని టీవీకి తగిలించి ఫోటో పెద్దది చేశాడు. కుర్చీ అల్లిక కనిపించింది. అక్క నవ్వు, బావ చొక్కా గుండీలు కనిపించాయి. మెల్లగా వెనక్కి జరిపితే, తలుపు పక్కన, చిన్నాన్న. చెంప మీద గాటు, కళ్ళ కింది గీతలు, అన్నీ. అక్క లేచి వెళ్ళి ఆయన్ని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆయన మాత్రం తల నిమురుకుంటూ, నాకిన్ని తెల్లవెంట్రుకలున్నాయని ఒక్కరూ చెప్పలేదేం అని తగువేసుకున్నాడు.

తర్వాత ఆయనే తెరకి దగ్గరగా జరిగి, తన పక్కనున్న ముఖాన్ని పరీక్షగా చూశాడు.

"అందరం కెమెరాలోకి చూశాం. ఇదెక్కడ చూస్తోంది?"

అందరూ చూశారు. ఆమె చూపు లెన్స్ మీద లేదు. దానికి మూరెడు పక్కన, మీట పట్టుకుని నిలబడినవాడి మీద ఉంది. రెండు క్షణాలూ రెప్ప వెయ్యకుండా అక్కడే ఉంది. పాత ఫోటోలాగే తీసుంటే ఆ చూపు మసకలో కలిసిపోయేది. ఇప్పుడు దాచుకోవడానికి చోటు లేదు.

నాయనమ్మ ముసిముసిగా నవ్వింది. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి, కానీ తల దించుకోలేదు. చిన్నాన్న అతని వైపు తిరిగాడు. మీవాళ్ళు ఏం చేస్తారనీ, ఎంత సంపాదిస్తావనీ అడుగుతాడనుకుని అతను జవాబులు వెతుక్కున్నాడు.

"నీ సంగతేంటి బాబూ?"

"ఆసుపత్రిలో ఆవిడ కన్నంలోంచి చూపించిన రోజునుంచీ," అన్నాడతను, "నాకు అన్నీ కనబడుతున్నాయండీ. కానీ ఎటు చూసినా చివరికి ఆవిడ దగ్గరే ఆగుతున్నాను."

చిన్నాన్న కెమెరా వైపు చూపించాడు. "ఆ యంత్రం దానంతటదే నొక్కుకుంటుందా?"

నొక్కుకుంటుందన్నాడు.

"అయితే అటు పెట్టి ఇటు రా. వెనక వరసలో ఇంకొకరికి చోటుంది."

అతను టైమర్ పెట్టి, కుర్చీల పక్కనుంచి జాగ్రత్తగా దారి చేసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళాడు. చిన్నాన్న కొంచెం పక్కకి జరిగి, ఇద్దరి మధ్యా చోటిచ్చాడు. అక్కణ్ణుంచి చూస్తే అందరి వీపులూ, తలలూ, వాటికి ముందు ఆ కుర్చీ కనిపించాయి. ఆ చోటు నుంచి ఆ మనిషి ఇన్నేళ్ళూ కాపు కాసింది దీన్నేనని అతనికి అర్థమైంది.

కెమెరా మీది చిన్న దీపం వెలిగింది. అందరూ ఊపిరి బిగబట్టారు. ఎంత తేటగా తీసినా, మనుషుల వెనక ఉన్నది ఏ లెన్సుకీ కనబడదు. నాయనమ్మ తల చాటున, పక్కనున్న అమ్మాయి వేళ్ళు వచ్చి అతని వేళ్ళని పట్టుకున్నాయి, అతను కదలలేదు.