జిగ్మంద్ కుర్చీ

తుహోవ్‌స్కీ వంశం నుంచి కొత్త జుపాన్, అంటే జిల్లా పాలకుడు, వచ్చినప్పుడల్లా సభలోని దొరలు అతన్ని కుర్చీతో సహా మూడుసార్లు భుజాలకెత్తాలి. అప్పుడే జిల్లా పాలన అతని చేతికొచ్చినట్టు. మోసేవాళ్ళలో సొంత రక్తం ఒకరుండాలి. ఆ ఒక్కడూ కాదంటే పదవి పరాయి ఇంటికి పోతుంది. తాతల కాలం నుంచీ, ముందటి జుపాన్లు కొందరు నదిలోనే పోయినా, ఎవరూ కాదనలేదు.

ఆ మధ్యాహ్నం సభామందిరమంతా మైనం, ప్లమ్ సారా వాసన. రఫాయెల్ మాత్రం కుర్చీలోని జిగ్మంద్‌నే చూస్తున్నాడు. తన చిన్నాన్న రెండో కొడుకు. పెద్దవాడు బల్తజార్, జుపాన్‌గా ఉండగానే పోయిన నెల నదిలో మునిగిపోయాడు. పడవలో ఉన్నది అన్నదమ్ములిద్దరే. పడవ తిరగబడిందన్న జిగ్మంద్ ఒంటిమీద బట్టలు తడవలేదు. అది రఫాయెల్‌కి ఎంతకీ మింగుడుపడటం లేదు.

"కుర్చీ పట్టు అన్నయ్యా," అన్నాడు జిగ్మంద్ మెల్లగా.

"ముందు బల్తజార్ ఎలా పోయాడో చెప్పు."

"ఇంతమందిలోనా? నేను ఈ కుర్చీ దిగితే నీ ఉపపాలకుడి కొలువూ పోతుంది. చూసుకో."

రఫాయెల్ సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే పట్టుకున్నాడు.

మొదటిసారి కుర్చీ మోకాలెత్తు దాటలేదు.

"ఏం రఫాయెల్, పొద్దున్న తిండి పెట్టలేదా మీ ఆవిడ?" పక్కనున్న క్రిష్తో దొర నవ్వాడు. అతని నుదుటిమీదా చెమటే.

రెండోసారి ఇంకా బరువు... ఎక్కడినుంచో ఏటి బురద వాసన.

మూడోసారి కుర్చీ దూదిలా లేచింది. రఫాయెల్‌కీ క్రిష్తోకీ మధ్య ఎవరో భుజం దూర్చారు. తడి చొక్కా చెయ్యి రఫాయెల్ చెవికి రాసుకుంది... చల్లగా. తల తిప్పడానికి ధైర్యం చాలలేదు.

"నువ్వు వదిలేశావా?" క్రిష్తో గుసగుసలాడాడు.

"లేదు. నువ్వు?"

"నేనెప్పుడో వదిలేశాను..."

జేజేలు ఆగిపోయాయి. మోసేవాళ్ళంతా ఒక్కొక్కరే పక్కకు తప్పుకున్నారు. కుర్చీ కిందికి రాలేదు.

"దించండి," అన్నాడు జిగ్మంద్. తర్వాత గొంతు మారింది. "అన్నయ్యా... దించమని చెప్పు."

"ఎవరికి చెప్పనురా?"

రఫాయెల్ ఖాళీ చేతులు చూపించాడు. కుర్చీ మెల్లగా, పల్లకీలా ఊగుతూ, నదివైపు కిటికీకేసి కదిలింది. దాని కింద నేలమీద తడి అడుగులు పడుతున్నాయి. అవి ఒక్క మనిషివి కావు.