మూడో కంచం

పొద్దున్నే అంట్లు తోమడానికి సావిత్రికి పది నిమిషాలు కూడా పట్టడం లేదు. రెండు కంచాలు, రెండు గ్లాసులు, ఒక చెంబు, మూడు గిన్నెలు. సంసారమంతా అదే. ఆరు నెలల కింద ఎవరో పెద్దాయన ఉపన్యాసం విని వచ్చిన భర్త సదానందం, "అక్కరకు మించి సామాను ఉంటే, మనమే దానికి జీతగాళ్లమైతం" అన్నాడు. బడిపంతులు కదా, ఏది నమ్మినా పరీక్ష పెట్టి చూడాల్సిందే. సావిత్రి మొదట నవ్వింది గానీ, తర్వాత మొగుడి కంటే తనే ముందు నడిచింది. పుట్టింటి ఇత్తడి, పరుపులు, చీరలు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ పంచేసింది. హనుమకొండలోని ఆ రెండు గదుల అద్దె ఇల్లు బోసిపోయినా ఆమె ప్రాణం తేలికపడింది. ఇరుగుపొరుగు పిచ్చి ముదిరిందనుకుంటే అనుకోనీ అనుకుంది. లోపల్లోపల కాస్త గర్వం కూడా లేకపోలేదు.

ఆ రోజు ఎనిమిదింటికల్లా ములుగు వైపు పల్లె నుంచి సోమక్క వచ్చింది. సావిత్రికి సొంత అక్క. తల్లి పోయాక చెల్లెలికి జడలు వేసి, ముద్దలు పెట్టి, పెళ్లి చేసి పంపింది ఆమే. ఇప్పుడు మనిషి సగమైపోయింది.

"ఏందక్కా, గిట్ల చిక్కినవ్?"

"రెండు నెలల సంది దగ్గు తగ్గుత లేదు బిడ్డా. దవాఖానల చూపించుకుందామని వచ్చిన. దగ్గితె పడే గళ్ల పరీక్ష చేసి రేపు చెప్తరట. ఇయ్యాల నీ ఇంట్లనే ఉంట."

సావిత్రి సంబరపడుతూ పప్పుచారు కాచింది. తీరా వడ్డించే వేళకు చిక్కొచ్చి పడింది. ఉన్నవి రెండే కంచాలు. అక్కకు తాము రోజూ తినే పాత కంచం ఎందుకు, పెళ్లిళ్లలో పెద్దవాళ్లకు వేసినట్టు కొత్త ఆకు వేస్తే మర్యాదగా ఉంటుందనుకుంది. వీధి చివర కొట్లో మోదుగాకు విస్తరి కొనుక్కొచ్చి అక్క ముందు పరిచింది. గ్లాసులు చూస్తే ఒకదాంట్లో పాలు, ఒకదాంట్లో పెరుగు. అక్క నీళ్లడగ్గానే చెంబెత్తి, "దోసిలి పట్టక్కా" అంది నవ్వుతూ.

సోమక్క చెల్లెలి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. తర్వాత దోసిలి పట్టింది. తిన్నాక విస్తరి తనే మడిచింది.

"అయ్యో, నేను తీస్త గదక్కా!"

"వద్దు బిడ్డా, నువ్వు ముట్టకు" అని, పెంటకుప్ప దాకా నడిచి పారేసి వచ్చింది. అది ప్రేమే అనుకుంది సావిత్రి.

సదానందం వదినెను దవాఖానకు తీసుకెళ్లి, పరీక్ష చేయించి, మధ్యాహ్నానికి ఇంట్లో దిగబెట్టి బడికి పోయాడు. సావిత్రి కూరగాయలకు వెళ్లి వచ్చేసరికి అక్క లేదు, ఆమె సంచీ లేదు. ఇంటి ఓనరమ్మ కట్టమ్మ గుమ్మంలోనే ఎదురైంది.

"మీ అక్క పోయింది బిడ్డా. నేను ఆగుమంటే ఇనలే. 'ఊర్లె నా కోడలు దగ్గు అంటుతదని నా కంచం, చెంబు ఏరు పెట్టింది. పరాయిపిల్ల గదా అనుకున్న. నా చేతుల పెరిగిన పిల్ల గూడ ఆకుల పెట్టి, దోసిట్ల నీళ్లు పోసింది. ఇంక ఈ మందులు తిని ఎవరి కోసం బతకాలె' అన్నది. ఒకటే ఏడుపు."

సావిత్రి కూరగాయల సంచీ దించకుండానే గడప మీద కూర్చుంది. నాలుగింటికి సదానందం రాగానే విరుచుకుపడింది.

"నీ పరీక్షలు నీ బడిల పెట్టుకో! ఇంట్ల ఇంకో కంచం లేకపాయె. రోగంతోని వచ్చిన మా అక్కను అంటరానిదాన్ని చేసి ఎల్లగొట్టిన!"

"నేనొక్కన్నే చేసిన్నా? ఆకు ఏసింది నువ్వు. నీళ్లు పోసింది నువ్వు."

సావిత్రి పొద్దున ఆకు పరిచిన చోటుకేసి చూసింది. నిజమే మరి. ఆమె మొహం చూసి సదానందం గొంతు తగ్గించాడు.

"మనిద్దరికి ఏం కావాల్నో సూసుకున్నం గని, మనింటికి వచ్చేటోళ్లను మర్సినం. నాదీ తప్పే సావిత్రీ. నడు, వాళ్ల ఊరి దిక్కు పోయే ములుగు బస్సు ఐదింటికి గని లేదు."

బస్టాండులో సిమెంటు బల్ల మీద సోమక్క ఒక్కతే కూర్చుని ఉంది. ఒళ్లో గుడ్డమూట విప్పి సర్వపిండి రొట్టె తుంచుకుని తింటోంది. చెల్లెలికి ఇష్టమని చేసుకొచ్చి, ఇవ్వడానికి చేతులు రాక వెనక్కి పట్టుకుపోతోంది. సావిత్రి పరుగున వెళ్లి ఆమె చేతిలోని కొరికిన ముక్క లాక్కుని నోట్లో పెట్టుకుంది.

"థూ, ఉమ్మెయ్యే! నా ఎంగిలది! రోగపుదాన్ని!"

"నీ ఎంగిలి తినే పెరిగిన. దూరం పెట్టలేదక్కా. మా ఇంట్ల కంచాలు రెండే ఉన్నయ్. ఆకు ఏస్తే నీకు మర్యాద అనుకున్న. బుద్ధి గడ్డి తిన్నది."

సోమక్క బిత్తరపోయింది. చెల్లెల్నీ మరిదినీ మార్చి మార్చి చూసింది.

"రెండే కంచాలా? గింత తిప్పలు పడుతాన్రా? నాకొక మాట చెప్పకపోతిరి! ఇంట్ల ఏం లేకున్నా నాకు పప్పుచారు పెట్టినవా బిడ్డా?"

ఉన్నవన్నీ తామే కోరి పంచేశామని, లేమిని ఒక పరీక్షగా పెట్టుకున్నామని ఆమెకు ఏ నోటితో చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. సదానందం సిగ్గుతో తల దించుకున్నాడు.

"అయినా కంచం లేదని ఫికర్ ఎందుకు పడ్డవే?" సోమక్క చెల్లెలి కళ్లు తుడిచింది. "మనింట్ల ఎన్ని కంచాలుండెనే? నువ్వు నేను ఒక్క కంచంలనే తినలేదా? నీ కంచం కాడ కూసోమంటే నేను కూసోనంటినా?"

సావిత్రికి ఏడుపు ఆగలేదు. ఆర్నెల్లుగా ఇంట్లో ఒక్కో వస్తువూ తగ్గించుకుంటూ వచ్చింది. అక్కతో ఒక్క కంచంలో తినొచ్చన్న సంగతి మాత్రం తనకు తట్టనే లేదు.

ములుగు బస్సు వచ్చింది. సదానందం వదినె సంచీ భుజాన వేసుకున్నాడు.

"రేపు ఆ కాయితం ఏమని వస్తదో బిడ్డా" అంది సోమక్క భయంగా.

"ఏమని వచ్చినా నా దగ్గరనే ఉండి మందులు తింటవ్" అంది సావిత్రి.

బస్సు కదిలి వెళ్లిపోయింది. సోమక్క ఎక్కలేదు.