ఎర్రదారం సీసా

ఖమ్మంలో డిటెక్టివ్ ప్రమీలారాణి ఆఫీసుకు విశ్రాంతమ్మ వచ్చింది. ఆమె కొత్తగూడెం దగ్గర ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఇరవై రెండేళ్లుగా అటెండరు. మొన్న ప్రాక్టికల్ పరీక్షలో మెలియిక్ ఆమ్లం నీళ్లలో కరగక ఇసుకలా అడుగున కూర్చుంది. పరీక్ష ఆగింది. సీసాలో వేరే పొడి పోసింది ఆమేనని, సోమవారం నుంచి రావద్దని అన్నారట.

"చదువు రానిదాన్నని నా మీద పెట్టిన్రమ్మా," అన్నది.

ప్రమీలారాణి అసిస్టెంటు హెప్సిబా బి.యస్సీ, వాళ్లింట్లో మొదటి డిగ్రీ. చదువు రాని మనిషి పొరబడి ఉంటుందనే ఆమె కూడా లోలోపల అనుకున్నది.

ల్యాబు తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి: విశ్రాంతమ్మ, స్టోర్ ఇన్‌చార్జి అనిల్‌కుమార్. కంపెనీ లేబుళ్లు చెమ్మకు ఊడిపోతే అతనే ఫార్ములాలు రాసి అంటించాడు. ప్రమీలారాణి, హెప్సిబా వెళ్లి చూస్తే పక్కపక్కనున్న రెండు సీసాల మీదా C₄H₄O₄ అనే ఉంది. ఒకదాని మెడకు ఎర్రదారం, రెండోదానికి నీలిదారం. నీలిది సగం ఖాళీ.

దారాలెందుకని ప్రమీలారాణి అడిగింది.

"గీతలు రెండింటి మీద ఒక్క తీరుగనే ఉంటయమ్మా. సార్లు మెలియిక్ అంటే ఎర్రది, ఫ్యూమరిక్ అంటే నీలిది ఇస్త," అన్నది విశ్రాంతమ్మ.

అనిల్‌కుమార్ నవ్వాడు. "తేడా ఏముంది మేడమ్? ఫార్ములా ఒక్కటే గద. కంపెనీలే వేరు."

సాయంత్రం ప్రిన్సిపాల్ వెంకటరామారావు గదిలో అందరూ కూర్చున్నారు. ప్రమీలారాణి రెండు గ్లాసుల నీళ్లు పెట్టించి, బజారు నుంచి తెప్పించిన కొత్త మెలియిక్‌ను ఒకదాంట్లో, ఎర్రదారం సీసాలోని పొడిని రెండోదాంట్లో వేసి కలిపింది. మొదటిది కరిగిపోయింది. రెండోది అడుగుకు దిగింది.

"ఎర్రదారం సీసాలో ఉన్నది ఫ్యూమరిక్ అండీ. రెండింటిలోనూ పరమాణువులు అన్నే, అమరికే వేరు. లెక్క చెప్పే ఫార్ములా అమరిక సంగతి చెప్పదు. పొడి మార్చినవాళ్లు ఫార్ములా చదవగలిగి, దాన్ని నమ్మినవాళ్లు. ఈమె చదవదు, నమ్మదు. అందుకే దారం కట్టుకుంది. ఈమె కాక తాళం ఉన్నది ఇంకొక్కరి దగ్గరే."

అనిల్‌కుమార్ తాళాలగుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. పరీక్ష ముందురోజు సీసా చెయ్యిజారి పొడి నేలపాలైందని, రెండూ ఒకటేనని పక్కదాంట్లోది పోశానని మెల్లగా ఒప్పుకున్నాడు. నోరు విప్పితే కొలువు పోతుందని భయపడ్డాడట.

విశ్రాంతమ్మ ఎప్పటిలాగే సోమవారం రావాలని ప్రిన్సిపాల్ అన్నాడు. సీసాల మీద ఇకనుంచి పేర్లు కూడా రాయిస్తామన్నాడు.

"రాయించున్రి సార్. దారాలు మాత్రం ఇప్పొద్దు," అన్నది ఆమె.

ఫార్ములా ఒకటై అమరిక వేరైతే ఐసోమర్ అనే నిర్వచనం రాసి హెప్సిబా డిగ్రీ పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకున్నది. ఇప్పుడు వంగి, ఆ దారం ముడి ఎలా వేయాలో నేర్పమని విశ్రాంతమ్మను అడిగింది.